వసూలు కాని బాకీల పెట్టె

నందిగాంలో మా పిన్ని ఇంటి అటక మీద ఒక రేకు పెట్టె ఉండేది. ఆమె మావగారు కొబ్బరికాయలు, జీడిపిక్కలు, నౌపడ ఉప్పు కొని అమ్మేవాడు. ఆ బేరాల మధ్యలోనే చేబదులు మొదలుకొని తనఖా దాకా అప్పులిచ్చేవాడు. ఆయన పోయి యాభై ఏళ్లు దాటింది. పెట్టె మటుకు తాళంతో అలాగే ఉండిపోయింది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను వచ్చి ఉద్దానంలో కొబ్బరి చెట్లను కూల్చినట్టే ఆ ఇంటి పెంకులనూ లేపేసింది. పెట్టెలోకి నీరు దిగింది. పిన్ని కాయితాల మూటలన్నీ వీధరుగు మీద ఆరబోసి, ఎండాక మళ్లీ అందులోనే కుక్కింది. నన్ను పిలిచింది మాత్రం చాలాకాలం తర్వాత, ఇల్లు విప్పి స్లాబు వేయించే ముందు.

"ఏటి బాబూ, పొయ్యిలో ఎట్టీమంటావా, ఉంచీమంటావా?"

నేను బళ్లో లెక్కలు చెప్పి రిటైరైనవాణ్ణి. పాత దస్తావేజులు చదవడం మా నాన్న దగ్గర కొంచెం నేర్చుకున్నాను, మిగిలింది ఈ పెట్టె నేర్పింది. దాన్ని ఒక జాబితాగా మార్చడానికి నాకు ఒక వేసవి, ఒక వానాకాలం పట్టాయి. అలాంటి పెట్టె మీ ఇంట్లోనూ ఉంటే ఎక్కడ మొదలుపెట్టాలో చెబుతాను. నేనెక్కడ పాడుచేశానో కూడా చెబుతాను.

పాడుచేయడం మొదటి రోజే జరిగింది. పెట్టె తెరవగానే చేయి ఊరుకోలేదు. ప్రామిసరీ నోట్లన్నీ ఒకపక్క, స్టాంపు కాయితాలు ఒకపక్క, చిట్టాలు ఒకపక్క పేర్చుకుంటూ పోయాను. గంటసేపటికి ఎంత ముచ్చటగా ఉందో. అప్పుడు కనిపించింది, నేను విప్పేసిన ఒక మూట తాలూకు పురికొసకు గుచ్చి ఉన్న చిన్న చీటీ. దాని మీద ఒకటే మాట: దావా. అంటే ఆ మూటలోని నోటు, ఆ రసీదు, ఆ ఉత్తరం, ఆ తనఖా అన్నీ ఒకే తగువుకు చెందినవి. కోర్టుకు పట్టుకెళ్లడానికి ఆయన ఒక్కచోట కట్టిపెట్టుకున్నాడు. నేను రకాలవారీగా విడదీసి ఆ తగువును నాలుగు కుప్పల్లో కలిపేశాను. విప్పేసినంతవరకు ఏ కాగితం ఏ మూటలోదో మళ్లీ తేల్చుకోవడం నావల్ల కాలేదు. కాబట్టి మొదటి పని ఏ పనీ చేయకపోవడమే. మూట ఎలా ఉందో అలా ఉంచి, పైనుంచీ పక్కనుంచీ ఫోనుతో ఫోటోలు తీసి, ఏ మూట పైన ఉంది, ఏది అడుగున ఉంది అన్నది కాగితం మీద రాసుకోవాలి. కట్టిన ముడి కూడా ఒక వాక్యమే.

తర్వాత సరంజామా. పెద్దగా ఏమీ అక్కర్లేదు. గోడలకు సున్నం కొట్టేది కాదు, బొమ్మలకు రంగులు వేసే మెత్తటి కుంచె ఒకటి. ఉతికిన పాత పంచె. అచ్చు పడని తెల్ల న్యూస్‌ప్రింటు ఒక దస్తా. మెత్తటి పెన్సిలు, భూతద్దం, వెడల్పాటి నూలు నాడా. సెల్లోటేపు, రబ్బరు బ్యాండు, స్టేప్లరు ఆ గది దరిదాపుల్లోకి రానివ్వకండి. చిరుగులకు టేపు అంటిస్తే ఐదారేళ్లలో అది పసుపు తిరిగి, అక్షరాన్ని తనతో ఊడదీసుకుంటుంది. దస్తావేజుకు లామినేషను చేయించి మురిసిపోయే వాళ్లను చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది. తుప్పు పట్టిన గుండుసూదుల్ని లాగకూడదు. సూది కింద ఒక సన్నని అట్టముక్క దూర్చి, కాగితాన్ని కదపకుండా సూదినే నెమ్మదిగా బయటికి జరపాలి. తడిసిన కాగితాలుంటే నీడలో, న్యూస్‌ప్రింటు మధ్య పెట్టి, గంటకోసారి ఆ న్యూస్‌ప్రింటు మారుస్తూ ఆరబెట్టాలి. పిన్ని చేసినట్టు ఎండలో వేస్తే అప్పడంలా లేచిపోతాయి.

తడికి అన్ని సిరాలూ ఒకేలా లొంగవు. దీపపు మసితో కలిపిన నల్ల సిరా నీరు తగిలితే పారిపోతుంది. ఇనుముతో చేసిన ఇంగ్లీషు సిరా పారదు, కానీ ఏళ్ల తరబడి కాగితాన్ని తినేస్తుంది. వెలుతురుకు పట్టి చూస్తే అక్షరం ఉండవలసిన చోట అక్షరం ఆకారంలో కన్నం ఉంటుంది. ఇక కాపీయింగ్ పెన్సిలు. రాసినప్పుడు బూడిదరంగు, తడి తగిలితే ఊదారంగు. మా పెట్టెలో రసీదులు సగం దానితో రాసినవే. తిత్లీ నీటికి అవి ఊదా మరకలైపోయాయి. వాటిని ఫోన్లో ఫోటో తీసి, రంగులు మార్చి చూస్తే కొంత తేరుకుంటాయి. ఈ సంగతి నాకు చెప్పింది ఇంటర్ చదువుతున్న మా మనవడు.

శుభ్రం చేస్తూనే ప్రతి కాగితం వెనక, కుడివైపు కింది మూల, పెన్సిలుతో మూట సంఖ్య, గీత, కాగితం సంఖ్య వేయాలి. మూడో మూట, పదిహేడో కాగితం అంటే 3/17. పెన్నుతో వద్దు. నంబరు వేశాకే ఫోటో, ముందువైపు ఒకటి, వెనకవైపు ఒకటి. వెనక ఏమీ లేదనిపించినా తీయాలి. నోట్ల విషయంలో అసలు కథంతా వెనకే ఉంటుంది, కాసేపట్లో వస్తాను.

ఇప్పుడు చదవడం. అక్షరం కంటే ముందు తేదీతో కుస్తీ పట్టాలి. ఒకే కాగితం మీద మూడు కాలాలు ఉంటాయి. ఇంగ్లీషు తేదీ ఉంటే అదృష్టం. శిస్తు రసీదులయితే ఫసలీ ఉంటుంది. ఫసలీకి 590 కలిపితే ఆ ఫసలీ మొదలైన ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. జూలై 1న మొదలై మరుసటి జూన్‌తో ముగుస్తుంది. ఫసలీ 1346 అంటే 1936 జూలై నుంచి 1937 జూన్ దాకా. షావుకారు నోట్లలో మన ప్రభవాదులే: ధాత కార్తీకం, ప్రమాది ఆశ్వయుజం. ఒక సంవత్సరం పేరు అరవై ఏళ్లకు మళ్లీ వస్తుంది కాబట్టి ధాత అంటే 1876 కావచ్చు, 1936 కావచ్చు. తేల్చేది స్టాంపు. స్టాంపు మీద విక్టోరియా తలకాయ ఉంటే ఒక ధాత, జార్జి ఉంటే మరో ధాత. అధిక మాసం వచ్చిన ఏడు ఆ నెల రెండుసార్లు వస్తుంది, కాబట్టి పక్కన 'అధిక' అని ఉందో 'నిజ' అని ఉందో చూడకుండా ముందుకు పోకూడదు.

మా ప్రాంతానికి ఇంకో చిక్కుంది. ఇది ఒడియా, తెలుగు కలిసిన నేల. ఒడియాలో రాసిన పత్రంలో అంక సంవత్సరం కనబడవచ్చు. గజపతి రాజు పట్టాభిషేకం నుంచి లెక్కించేది అది. అయితే అందులో ఒకటో అంకె లెక్కలోకి రాదు. 6తో ముగిసేవీ, 10 తప్ప సున్నాతో ముగిసేవీ కూడా వదిలేస్తారు. 19వ అంకం తర్వాత వచ్చేది 21. లెక్కల మాస్టారుగా ఇది చూసి రెండు రోజులు తల పట్టుకున్నాను. మూడో రోజు నుంచి ముద్దొచ్చింది.

డబ్బు అంకెల దగ్గర చాలామంది బోల్తా పడతారు. రూపాయికి పదహారు అణాలు, అణాకు పన్నెండు పైలు అని అందరికీ తెలుసు. 1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చేదాకా అదే లెక్క. చిట్టాల్లో రూపాయలు తెలుగు అంకెల్లో రాసి, భిన్నాలు గీతల్లో పెట్టారు. నిలువు గీత పాతిక, అంటే నాలుగణాలు. అడ్డగీత వీసం, అంటే ఒక అణా. మొదటిసారి '౫౻౽' అన్నది చూసి సిరా చెదిరిందనుకున్నాను. ఐదు పక్కన మూడు నిలువు గీతలు, ఆ పక్కన రెండు అడ్డగీతలు. మూడు పాతికలు పన్నెండణాలు, రెండు వీసాలు రెండణాలు, వెరసి ఐదు రూపాయల పద్నాలుగణాలు. ఈ గీతల్ని ఇంగ్లీషు ఒకట్లుగా చదివితే ఐదు రూపాయల ఉప్పు కాస్తా ఐదు వేలు దాటిపోతుంది. 'అర్ధణా కూడా వదల్లేదు' అంటాం కదా, ఆ మాట ఎంత నిజమో చిట్టా చదివితేనే తెలుస్తుంది. ఎడమ పేజీ జమ, కుడి పేజీ ఖర్చు, అడుగున నిలవ. కొత్త చిట్టా మొదటి పేజీకి నాలుగు మూలలా పసుపు.

ఇక నోటు. చేతిలోకి తీసుకున్నప్పుడు బొత్తిగా నీరసంగా కనిపించే కాగితం. అణా స్టాంపు అంటించి, స్టాంపు మీదుగా సంతకం పడి, మీకు గానీ మీ అనుమతి పొందిన వారికి గానీ అడిగిన వెంటనే ఇచ్చుకుంటాననే వాక్యం ఉంటుంది. మూట 2లోని ఒక నోటును దగ్గరగా చూపిస్తాను. ధాత కార్తీకం, అంటే 1936 నవంబరు ప్రాంతం. అరవై రూపాయలు, నూటికి నెలకు రూపాయి వడ్డీ. బాకీదారుకు సంతకం రాదు. కాబట్టి నిశాని వేశాడు. అది అడ్డదిడ్డం గీత కాదు, బుజ్జి నాగలి బొమ్మ. కర్రు, మేడి అన్నీ ఉన్నాయి. రాయడం రానివాళ్లు తమ పనిముట్టునే సంతకంగా పెట్టడం మా వైపున్న అలవాటు. ఒడియా వాళ్లు సంతక్ అంటారు. ఆడవాళ్లయితే గాజు గీసేవారు. ఆ నాగలి పక్కన వ్రాయసగాడు మనిషి పేరు రాసి, ఇది ఫలానా వాడి నిశాని అని చేవ్రాలు పెట్టాడు.

ఇప్పుడు తిరగేయండి. వెనక రెండు చెల్లులున్నాయి. ప్రమాది ఆశ్వయుజంలో ఒక రూపాయి చెల్లు. చిత్రభాను భాద్రపదంలో ఒక రూపాయి చెల్లు. 1939లో ఒకటి, 1942లో ఒకటి. రెండు చోట్లా అదే నాగలి, రెండోసారి గీత కొంచెం వణికింది. అరవై రూపాయల అప్పుకు మూడేళ్లకో రూపాయి కడితే ఏమి తీరుతుందని మొదట నవ్వుకున్నాను. తీరడానికి కాదు. నోటుకు గడువు మూడేళ్లు. ఆలోగా దావా వేయకపోయినా, కొంత సొమ్ము చెల్లు పడకపోయినా కాలదోషం పడుతుంది, కోర్టులో చెల్లదు. చెల్లు పడి బాకీదారు చేవ్రాలో నిశానో పెడితే మళ్లీ మూడేళ్లు ఊపిరి. షావుకారు దావా వేయలేదు, వేస్తే ఖర్చు. బాకీదారు కట్టలేదు, కట్టే స్తోమత లేదు. ఇద్దరూ కలిసి ఆ నోటును ఒక్కో రూపాయితో బతికించుకుంటూ వచ్చారు. చిత్రభాను తర్వాత వెనక ఖాళీ. జాబితాలో నేను రాసింది ఇంతే: 'రెండు చెల్లులు, ఆపై లేవు.' మనిషి రంగూన్ పోయాడా, చనిపోయాడా, షావుకారే విసిగి వదిలేశాడా అన్న కథలు కట్టకూడదు. కట్టాలని చేయి ఎంత దురద పెట్టినా సరే.

నాలుగైదు మూటల నోట్లు చదివేసరికి నాకు మా షావుకారు మీద కోపం, ఊరి మీద జాలి మొదలయ్యాయి. ఒక్కరూ బాకీ తీర్చలేదే! ఒక్కరినీ ఈయన వదల్లేదే! ఆ కోపం రెండు వారాలు నడిచింది. తర్వాత ఒక చిట్టా అడుగున ఒక చిన్న పద్దు కంటబడింది, ఫలానా వాడి నోటు చెల్లుబెట్టి చింపి ఇచ్చినట్టు. అప్పుడు బుర్రకెక్కింది. బాకీ తీరిన నోటు షావుకారు దగ్గర ఉండదు. చెల్లు రాసి, అడ్డంగా చింపి, బాకీదారు చేతిలో పెట్టేస్తారు. వాడు ఇంటికి తీసుకెళ్లి పొయ్యిలో వేస్తాడో, చూరులో దోపుకుంటాడో వాడిష్టం. కాబట్టి షావుకారు పెట్టెలో మిగిలేవి వసూలు కాని బాకీలే. అక్కడున్న నోట్లను బట్టి ఊళ్లో అప్పులు తీర్చే తీరు లెక్కగడితే, ఆసుపత్రి వార్డు చూసి ఊరంతా జబ్బేనని చెప్పినట్టు. తీరిన అప్పులు కావాలంటే చిట్టా జమ పేజీలకు వెళ్లాలి. ఈ పెట్టె చదవడంలో నేను నేర్చుకున్న అసలు సంగతి ఇదొక్కటే. ఏ కాగితం ఏం చెబుతోందని అడిగే ముందు, అది ఇక్కడ ఎందుకు మిగిలిందని అడగాలి.

ఈ ప్రశ్నకు లోకంలో అన్నిటికంటే పెద్ద జవాబు కైరోలో దొరికింది. పాత కైరో ఫుస్తాత్‌లో బెన్ ఎజ్రా అనే యూదుల ప్రార్థనాలయం ఉంది. దేవుడి పేరున్న కాగితాన్ని పారేయకూడదని వాళ్ల నియమం. అరిగిపోయిన గ్రంథాలను జెనీజా అనే గదిలో వేసేవారు. పోనుపోను హీబ్రూ లిపిలో రాసిందల్లా అందులోకే పోయింది. వర్తకుల ఉత్తరాలు, అప్పు పత్రాలు, భాగస్తుల ఒప్పందాలు, పెళ్లి ఒడంబడికలు, కోర్టు సాక్ష్యాలు, అంగడి చీటీలు, అన్నీ. 1896లో కేంబ్రిడ్జి పండితుడు సోలమన్ షెక్టర్‌కు ఇద్దరు కవల అక్కచెల్లెళ్లు, ఆగ్నెస్ లూయిస్, మార్గరెట్ గిబ్సన్, తాము కొనితెచ్చిన ఒక ఆకు చూపించారు. ఆ చలికాలమే ఆయన కైరో వెళ్లి ఆ గదిలోకి దిగాడు. ఇప్పుడు కేంబ్రిడ్జిలోనే 1,93,000 పైచిలుకు తునకలున్నాయి. ఎస్.డి. గోయిటైన్ వాటిని జీవితాంతం చదివి, సూచికతో కలిపి ఆరు సంపుటాల్లో ఒక నగరం వ్యాపారాన్నీ వ్యాజ్యాన్నీ కాపురాన్నీ మళ్లీ నిలబెట్టాడు.

అందులో మన తీరం కూడా ఉంది. ట్యునీషియా నుంచి వచ్చి మంగళూరులో స్థిరపడిన అబ్రహాం బెన్ యిజూ అనే యూదు వర్తకుడు, అషు అనే బానిస యువతికి విడుదల పత్రం రాసిచ్చింది 1132 అక్టోబరు 17న, మంగళూరులో. ఏడెన్‌లో ఉన్న ఆయన స్నేహితుడు ఓడ మీద కానుకలు పంపేటప్పుడు తెల్ల కాగితాలు కూడా పంపేవాడు. మన దేశం తాటాకు మీద రాస్తోంది కదా, కాగితం ఆయనకు అపురూపం. అందుకే వచ్చిన ఉత్తరాల వెనక ఖాళీల్లో లెక్కలు రాసుకున్నాడు. అక్కడా వెనకవైపే!

వాళ్లు దేవుడి భయంతో దాచారు. మా పిన్ని మావగారు దావా భయంతో దాచాడు. జెనీజాలో పనికిరానివన్నీ చేరాయి, మా పెట్టెలో ఎప్పుడో పనికొస్తాయనుకున్నవే చేరాయి. అందుకే ఆ గదిలో ఒక నగరం దొరికింది, ఈ పెట్టెలో ఊరి తగువులు దొరికాయి.

నోట్ల దగ్గర మరో రెండు సంగతులు తెలియకపోతే లెక్క తప్పుతుంది. మొదటిది 1938లో రాజాజీ మంత్రివర్గం తెచ్చిన మద్రాసు రైతు రుణ విమోచన చట్టం. 1932 అక్టోబరు 1కి ముందు చేసిన అప్పుల మీద 1937 అక్టోబరు 1 నాటికి రైతుకు పేరుకున్న వడ్డీ బాకీ రద్దు, అసలే కట్టాలి. అప్పటికే అసలుకు రెండింతలు కట్టినవాడికి అప్పే తీరినట్టు. కాబట్టి ఆ రోజుల చిట్టాలో ఒక పేరు కింద వడ్డీ హఠాత్తుగా మాయమైతే షావుకారుకు దయ పుట్టిందనుకోవద్దు. రెండోది కాగితాల్లో కనిపించదు. 1960ల చివర శ్రీకాకుళ ఉద్యమ కాలంలో ఏజెన్సీలోనూ, మా ఉద్దానం వైపూ భూస్వాముల, షావుకార్ల ఇళ్ల మీద పడి నోట్లూ దస్తావేజులూ తగలబెట్టారు. ఈ చుట్టుపక్కల ఇలాంటి పెట్టెలు అరుదుగా మిగలడానికి చెద ఒక్కటే కారణం కాదు. కాల్చినవాళ్లు కాగితం విలువ తెలియక కాల్చలేదు, బాగా తెలిసే కాల్చారు. ఒకసారి ఈ మాట పిన్ని దగ్గర అన్నాను. "మా మావ ఆ రోజుల్లో పెట్టె పట్టుకెళ్లి గడ్డివాము కింద దాసీసినాడు" అంది. అందుకనే కాబోలు, అడుగు కాయితాల మడతల్లో ఎండుగడ్డి పోచలు. వాటినీ ఒక పొట్లంలో కట్టి నంబరు వేశాను.

దస్తావేజులకు వద్దాం. క్రయం, తనఖా, స్వాధీన తనఖా, పారీఖత్తు, వీలునామా. వీటిని చదవడం నోట్ల కంటే సులువు, రాసిన తీరు అన్నిటికీ ఒకటే. ముందు తిరగేసి స్టాంపు వెండరు రాత చూడాలి. ఆ కాగితం ఏ రోజు, ఏ ఊరివాడికి అమ్మాడో అక్కడ ఉంటుంది. దస్తావేజు తేదీ వెండరు తేదీ కంటే ముందుంటే వెనక తేదీ వేసి పుట్టించిన కాగితమన్నమాట. ఆ తర్వాత రిజిస్ట్రారు రాత: ఎన్నో పుస్తకం, ఎన్నో వాల్యూము, ఏ పేజీలు, ఏ సంవత్సరపు ఎన్నో నంబరు. ఈ ఒక్క వరుస దొరికితే చాలు, అసలు పోయినా నకలు దొరికే దారి ఉంది.

జిల్లా పేరు కూడా తేదీయే. మా ఊరు కదలకుండా ఉన్నచోటే మూడు జిల్లాలు మారింది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేదాకా మా ఊరున్న టెక్కలి గంజాం జిల్లాలో ఒక జమీందారీ తాలూకా. ఆ ఏడు ఉగాది వెళ్లిన వారం పది రోజులకే విశాఖపట్నం జిల్లా అయింది. 1950 ఆగస్టు 15న శ్రీకాకుళం జిల్లా. తేదీ చినిగిపోయిన దస్తావేజులో 'గంజాం జిల్లా' అనే మాట మిగిలినా చాలు, మనం ఏ గట్టున ఉన్నామో తెలిసిపోతుంది.

సర్వే నంబరు కోసం వెతక్కండి. జమీ గ్రామాల పాత కాగితాల్లో చాలాచోట్ల అది ఉండదు, హద్దులే ఉంటాయి. తూర్పు గెడ్డ, దక్షిణం ఫలానా వాడి గరువు, పడమర బండిదారి, ఉత్తరం పనస చెట్టు. పనస చెట్టు పోయి తరాలైంది. విస్తీర్ణం కూడా ఇన్ని కుంచాల విత్తనం పట్టే నేల అని ఉంటుంది. దాన్ని ఎకరాల్లోకి మార్చాలనే ఆత్రం వద్దు. కుంచం ఊరూరికీ మారుతుంది. ఉన్నది ఉన్నట్టు ఎక్కించాలి. 1948 ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చి, జమీలు పోయి, రైత్వారీ పట్టాలు ఇచ్చాక గానీ ఈ గెడ్డలూ పనసచెట్లూ నంబర్లుగా మారలేదు. పాత హద్దులను కొత్త నంబర్లతో కలపగలిగింది కరణాలు, ముసలి రైతులు. కరణం ఉద్యోగాలు 1984లో పోయాయి. ముసలి రైతులు ఇంకా అరుగుల మీద దొరుకుతారు, తొందరపడండి.

తర్వాత సబ్ రిజిస్ట్రారు ఆఫీసు. భూమి లావాదేవీల ధ్రువపత్రం, అదే ఈసీ, ఆన్‌లైన్‌లో 1983 నుంచే వస్తుంది, అంతకు ముందువి చేత్తో వెతికించుకోవాలి. అక్కడికి వెళ్లేముందు ఒక విషయం తెలుసుకుని వెళ్లండి. 1908 రిజిస్ట్రేషన్ చట్టం 57వ సెక్షను ప్రకారం ఒకటో పుస్తకం, దాని సూచిక, రుసుము కట్టిన ఎవరైనా చూడవచ్చు. స్థిరాస్తి దస్తావేజులుండేది అందులోనే. మూడో పుస్తకం వీలునామాలది, రాసినవాడు పోయిన తర్వాతే మిగతావారికి నకలు. నాలుగో పుస్తకం నకలు రాసినవారికీ, దాని కింద హక్కున్నవారికీ తప్ప ఇవ్వరు. నేను వెళ్లిన ఒక ఆఫీసులో, పేరెందుకు లెండి, మీకు సంబంధం లేని భూమి మీకెందుకని మూడుసార్లు తిప్పారు. నాలుగోసారి ఆ సెక్షను తెలుగులో రాసి పట్టుకెళ్లాను. ఆ రోజే సూచిక బల్ల మీదకు వచ్చింది.

జమీ కాలానికి ఇంకా వెనక్కి పోవాలంటే గంజాం కాగితాల కోసం భువనేశ్వర్‌లోని ఒడిశా రాష్ట్ర పురాభిలేఖాగారానికి, మద్రాసు రెవెన్యూ బోర్డు కాగితాల కోసం చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు పురాభిలేఖాగారానికి పోవాలి. ముందే అర్జీ పెట్టుకుని, గుర్తింపు కార్డు, పెన్సిలు తీసుకెళ్లండి. ఎగ్మూరులో 1909 నాటి ఎర్ర భవనం అది. అదే చోట 1670ల నుంచి సెయింట్ జార్జి కోట సంప్రతింపుల పుస్తకాలున్నాయి. వాటిలో చెన్నపట్నపు యూదు వర్తకులు కనిపిస్తారు. మధ్యధరా పగడాలు తెచ్చి అమ్మి, గోల్కొండ వజ్రాలు కొని లండన్‌కు పంపేవారు. మన కృష్ణ ఒడ్డు కొల్లూరు రాళ్లన్నమాట. వాళ్లలో జాక్వెస్ డి పైవా 1687లో చెన్నపట్నంలోనే పోయాడు. మరుసటి ఏడాది మొదలైన మద్రాసు కార్పొరేషన్ ఆల్డర్మన్లలో యూదు వర్తకులూ ఉన్నారు. వజ్రాల బేరగాళ్ల కాగితాలూ, ఉప్పు బస్తాల మీద శిస్తు తగువులూ ఒకే కప్పు కింద. పిన్ని అత్తింటి బంధుగణంలో ఎవరూ వజ్రం చూసి ఎరగరు, కానీ పగడం ఉంగరం లేని షావుకారు ఉండేవాడు కాదని పిన్ని అంటుంది.

ఇక జాబితా. ఎంత పెద్ద పట్టిక గీస్తే అంత త్వరగా మానేస్తారు, ఇది నా అనుభవం. నేను పద్నాలుగు గళ్లతో మొదలుపెట్టి ఏడింటికి దిగాను: నంబరు, రకం, కాగితం మీదున్న తేదీ, దానికి ఇంగ్లీషు తేదీ, ఊరు, ఒక్క వాక్యంలో విషయం, కాగితం స్థితి. కాగితం మీదున్న తేదీనీ మనం లెక్కగట్టిన తేదీనీ ఒకే గడిలో కలపకూడదు. మన లెక్క తప్పితే రేపు ఇంకొకరు దిద్దుకోగలగాలి. చదవలేని మాట దగ్గర చుక్కలు పెట్టాలి, ఊహ పెట్టకూడదు. 

మనుషుల పేర్ల దగ్గర చాలా తటపటాయించాను. నాగలి నిశాని వేసిన మనిషి మనవలు ఇదే ఊళ్లో ఉన్నారు, ఒకరు నాకు పాలు పోస్తారు. పిన్ని మొదటి రోజే చెప్పింది: "ఎవడి తాత ఎవడికి బాకీయో ఊళ్లో సెప్పీకు బాబూ. పేరంటాలకి ఎలా పిలుసుకోవాల?" అందుకని రెండు ప్రతులు చేశాను. పేర్లున్నది పెట్టెలోకి, పేర్లు లేనిది బయట చూపించడానికి. చచ్చిన అప్పులకు కూడా పరువు ఉంటుంది.

చివరికి సర్దడం. మూటలు మళ్లీ పాత వరసలోనే, ఉతికిన తెల్లగుడ్డలో చుట్టి, నూలు నాడాతో వదులుగా కట్టాను. తాటాకుల కట్ట ఒకటి ఉంది, దానికి నిమ్మగడ్డి నూనె పలచగా పట్టించి, రెండు చెక్క పలకల మధ్య పెట్టాను. తుప్పు రేకు పెట్టె వద్దన్నా పిన్ని ఒప్పుకోలేదు. లోపల గీకించి రంగు వేయించి, ఆరిన నెలరోజులకు గానీ కాయితాలు పెట్టలేదు. ఈసారి అటక మీద కాదు, గోడకు తగలకుండా, నేల నుంచి జానెడు ఎత్తులో. తుపాను మళ్లీ వస్తుంది, ఉద్దానంలో ఆ అనుమానం ఎవరికీ లేదు. అందుకే ఫోటోలన్నీ ఒక డ్రైవ్‌లో మా ఇంట్లో, ఇంకొకటి విశాఖలో మా మనవడి దగ్గర.

తాళం వేయబోతుంటే పిన్ని ఆగమంది. లోపలికెళ్లి, కొత్త స్లాబు ఇంటికి కట్టిన ఇంటిపన్ను రసీదు పట్టుకొచ్చింది.

"దీనికీ ఓ నంబరెయ్యి బాబూ. ఎప్పుడేటి అవసరమొస్తాదో."

వేశాను, పెన్సిలుతో, వెనక, కుడివైపు కింది మూల.